ముప్పై ఒక్క ఫైళ్ల అక్క

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో ఒక అక్క ఉంది. రిజిస్టర్లో అసిస్టెంటు అని రాస్తారు గానీ, గది ఊడవడానికి చేరిన మనిషి. పదకొండేళ్లుగా చూసీ చూసీ పని పట్టేసింది. ఆమె కొలువును ఏటా పొడిగించాలి. ఈసారి ఆ కాగితం మీద ప్రిన్సిపాల్ సంతకం ఇంకా పడలేదు. కొత్త మాస్టారిని నేనుండగా ఈవిడెందుకని ఆయన అనుమానం. దాచడమెందుకు, నాదీ అదే అనుమానం.

పరీక్ష రోజు పొద్దున చూస్తే ఇరవై నాలుగు కంప్యూటర్లలోనూ ప్రోగ్రాములు రాసే పైథాన్ భాష తప్ప మరేమీ లేదు. మరమ్మతుకు వచ్చినవాళ్లు మిగతావన్నీ చెరిపేసి పోయారు. పిల్లలకు దానికి తోడుగా ఎక్కించే ముప్పై ఒక్క ప్యాకేజీలు కావాలి, ఒక్కోటీ ఒక్కో ఫైలు. పరీక్ష గదిలో నెట్ ఇవ్వరు కాబట్టి పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లే దిక్కు. పరీక్ష రెండు గంటలకు.

అక్క తన నోటుపుస్తకం తెరిచి, ఒక్కో ఫైలు పేరే కొట్టడం మొదలుపెట్టింది.

"ఒక్కొక్కటీ ఎందుకక్కా?"

"ఒక ఫైలు ఇంకోదాన్ని అడుగుతుంది సార్. అది ముందే ఇంట్లో లేకపోతే ఇది అలిగి కూర్చుంటుంది."

నవ్వొచ్చింది. 'అన్నీ' అని అర్థమొచ్చే నక్షత్రం గుర్తు పెట్టి ఒక్క ఆదేశం కొట్టాను. అలాంటి ఫైలే లేదంది. మా కంప్యూటర్లలో ఆదేశాలు కొట్టే నల్ల తెరకు నక్షత్రం అర్థం కాదట. సరే, ఫోల్డర్లోని పేర్లన్నీ కలిపి ఇచ్చాను. అందులో ఏళ్లనాటి పాతవీ ఉన్నాయి. పాతవీ కొత్తవీ తగువు పడ్డాయి. చదువుకున్నవాణ్ణి కదా, ఆమెను అడగడానికి మనసొప్పలేదు. రెండు గంటలు గంగలో కలిశాయి.

ఈలోగా అక్కకు అయినవి మూడే కంప్యూటర్లు.

"సార్, ఇలా అయితే తెల్లారినట్టే. ఏవి పనికొస్తాయో నాకు తెలుసు. నేను పేర్లు చదువుతా, మీరు రాయండి."

ఆ పేర్లు నా చేతికొస్తే ఆమెతో ఇక పనేముంటుంది? ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా పుస్తకం చూసి తడబడకుండా చదివింది. ముప్పై ఒక్క పేర్లూ ఒక జాబితాగా రాసి, నెట్ జోలికి పోకుండా ఇవన్నీ ఒకేసారి ఎక్కించమని ఒక్క ఆదేశం ఇచ్చాను. అన్నీ కళ్లెదుట ఉంటే ఏ ఫైలుకు ఏది కావాలో కంప్యూటరే చూసుకుంది. ఒక్కో కంప్యూటరుకు మూడు నిమిషాలు.

రెండింటికి పది నిమిషాలుండగా ప్రిన్సిపాల్ వచ్చి తెర చూశారు.

"ఒక్క లైనేనా? ఇంకేం, ఎవరైనా చేసేస్తారు."

అక్క తల దించుకుంది. నాకు సిగ్గేసింది.

"లైను కొట్టడం ఎవరికైనా వచ్చు సార్. పొద్దున్నుంచి రెండు గంటలు కొట్టాను, కాలేదు. అక్క పేర్లు చెప్పాకే అయింది. ఈవిడ లేకపోతే ఇవాళ పరీక్షే లేదు."

ఆయన మా ఇద్దరినీ చూసి, ఆ పొడిగింపు కాగితం సాయంత్రం సంతకానికి తెమ్మన్నారు.

అక్క నావైపు తిరగలేదు. మొదటి వరసలో ఒక అమ్మాయిని కూర్చోబెడుతూ, "కంగారుపడకమ్మా, అన్నీ ఎక్కాయి," అంది. కుర్చీ ముందుకు జరిపి, తర్వాతి పిల్ల దగ్గరకు వెళ్లింది.