ఫిల్టర్ నీళ్లు తాగిన పువ్వు

మొన్న పావగడలో ఒక పెళ్లికి వెళ్తే మండపమంతా ఊదారంగు ఆర్కిడ్ పూలు. పక్కనున్న ఆవిడ మురిసిపోతుంటే నాకు ఒళ్లు మండింది. పువ్వు చేసిన పాపమేమీ లేదు. దాన్ని చూస్తే మా పెదనాయన గుర్తొస్తాడు, అంతే.

తిరుమణిలో పొలమంతా సోలార్ కరెంటు కంపెనీకి కౌలుకిచ్చాక ఆయనకు పని లేకుండా పోయింది. పని లేని మనిషి నిద్రపోవచ్చు, పేకాడుకోవచ్చు. ఈయనకు గొప్పవాడు కావాలనిపించింది. సోలార్ ఇంజనీరు ఇంట్లో చూసొచ్చి, బెంగళూరు నుంచి ఆర్కిడ్ మొక్క తెప్పించాడు. శెనక్కాయ పండించిన బుద్ధి కదా, ఎర్రమట్టిలో గొర్రెల ఎరువు కలిపి పాతాడు. వారంలో వేళ్లు కుళ్లిపోయాయి. దానికి మన్నే అక్కర్లేదని అప్పుడు తెలిసింది. మూరెడు ఆకులున్న రెండో మొక్కను తెప్పించి, బొగ్గులూ కొబ్బరిపీచూ వేసిన బుట్టలో వసారా దూలానికి వేలాడదీశాడు. ఉన్న మన్నంతా అప్పజెప్పినవాడికి తగిన మొక్కే దొరికిందని నవ్వుకున్నాను.

బోరు నీళ్లు పోస్తే ఆకుల మీద తెల్లగా ఉప్పు కట్టింది. ఇక రోజూ పొద్దున్నే తన బండి మీద ఫిల్టర్ నీళ్ల క్యాను తెచ్చేవాడు, మొక్క కోసం. మా వైపు బోరు నీళ్లు పళ్లకు గార పట్టించి ఎముకలు వంచుతాయని బడిపిల్లలకూ తెలుసు. పెద్దమ్మ తాగేది అవే. అప్పటికే మోకాళ్లు పట్టుకుని లేస్తోంది. ఒకరోజు ఆ క్యానులోంచి చెంబులోకి వంచుకోబోతే నా ఎదుటే అన్నాడు: "అవి ముట్టుకోవద్దు. చెట్టుకు తెచ్చిండేవి. నీకు బోరు నీళ్లు ఉండాయి కదా."

ఇంకో క్యాను తేవచ్చుగా అన్నాను. బండి మీద ఒకటే పడుతుందట. రెండో తడవ వెళ్లడానికి తీరిక లేదట.

పువ్వు విచ్చిన రోజు ఇంజనీరును పిలిచాడు. పెద్దమ్మ గోడ పట్టుకుంటూ వచ్చి గ్లాసుతో నీళ్లిచ్చింది. ఫిల్టర్ నీళ్లేనా అని ఇంజనీరు అడిగాడు.

"ఫిల్టర్ నీళ్లు ఆ పువ్వు తాగుతాది సార్," అంది నెమ్మదిగా. "మేం తాగేది ఇవి."

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. నేనూ ముట్టలేదు, నా సంచిలో సీసా ఉంది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పెదనాయన మర్నాడు రెండు క్యాన్లు తెచ్చాడు. ఒకటి మొక్కకు, రెండోది వచ్చేపోయే సార్లకు.

ఆ పువ్వు నెల పైన నాలుగు రోజులు నిలిచిందని ఆయన ఇప్పటికీ లెక్కపెట్టి చెబుతాడు. పెద్దమ్మ గోడ పట్టుకోకుండా నిలబడి ఎన్నేళ్లయిందో మాత్రం చెప్పలేడు.