తలుపుకు కట్టిన యాపమండ

వార్నిష్ డబ్బా మూత తీయంగనే సిరిసిల్లల మా పాత తలుపు యాదికొచ్చింది.

బాపు మరమగ్గాలు నడిపేటోడు. కట్టెపని చేసే వడ్లాయనను పిలువకుంట ఆ తలుపుకు తనే వార్నిష్ ఏసిండు. ముందుగాల దానికి గంజి పట్టిచ్చిండు. "నూలుకు బలమిచ్చే గంజి కట్టెకు ఇయ్యదా?" అన్నడు. వానలు పడంగనే తలుపు నిండ బొబ్బలు లేసినయి. వాడకట్టోళ్లు వచ్చి చూసుడు, నవ్వుడు.

నేనేమో తలుపుకు అమ్మవారు పోసిందనుకున్న. నాకు పోసినప్పుడు అవ్వ చేసినట్టే దర్వాజకు యాపమండలు కట్టిన. అవి చూసి, ఇంట్ల ఎవరికో పోసిందని జనం మా గడప తొక్కుడు బంద్ చేసిండ్రు. అవ్వ మండలు తీయబోతే బాపు ఆపిండు.

"ఉండనీ. నా తలుపు నేనే చెడగొట్టిన, నేనే బాగుచేస్త."

బొబ్బలన్నీ గీకి, గంజి లేకుంట మళ్ల ఏసిండు. ఆ తర్వాత ఎన్ని వానలు కొట్టినా ఆ తలుపు మీద ఒక్క బొబ్బ లేవలే.

ఇయ్యాల కరీంనగర్ల నా తలుపు నేనే గీకుతున్న. పక్కింటాయన పొద్దటి సంది వచ్చి నిలవడుతనే ఉన్నడు. "గీ పరేషాన్ మీకెందుకు, వడ్లాయనను పిలువుండ్రి" అంటుండు.

ఆయన అటు పోంగనే మెట్లు దిగి, కింద చెట్టుకు రెండు యాపమండలు తెంపుకొచ్చి దర్వాజకు కట్టిన. మళ్ల గీకుడు మొదలువెట్టిన.