మంచు కొండెక్కిన గంప

ఫ్రిజ్జులో పేరుకున్నది తప్ప సమీనా మంచు చూసిన పాపాన పోలేదు. విశాఖ పాత నగరంలో పుట్టి, సముద్రపు ఉక్కపోతలో పెరిగిన పిల్లకి మంచుతో పనేమిటి? పడింది పని! ఆల్ప్స్ కొండల దగ్గరున్న ఒక కంపెనీ, కార్లు పంచుకుని వెళ్లే యాప్ పనిని మద్దిలపాలెంలో ఆమె ఆఫీసుకి అప్పగించింది. చలికాలం వస్తే అక్కడి జనం శని ఆదివారాల్లో కాళ్లకి పొడుగాటి స్కీ బద్దలు తగిలించుకుని మంచు మీద జారడానికి కొండెక్కుతారు. ఒకే దారిన పోయేవాళ్లని ఒకే కారులో కూర్చోబెట్టడానికి యాప్‌లో ఒక కొత్త ఏర్పాటు కావాలి. మూడేళ్లు టెస్టింగ్‌లో ఇంకొకరి తప్పులు ఏరుతూ గడిపి, పోట్లాడి మరీ డిజైనర్ కుర్చీ సంపాదించిన సమీనాకి దక్కిన మొదటి సొంత పని అది.

మొదటి పనే బోల్తా కొట్టింది. ఫొటోల్లో స్కీ బద్దలు సన్నగా, భుజాన వేసుకుపోయేంత తేలిగ్గా కనిపిస్తే, వాటిని 'చిన్న సామాను' గడిలో పడేసింది మహాతల్లి. అవి మనిషంత పొడుగుంటాయని అడిగి తెలుసుకోలేదు. డిసెంబరు మొదటి శనివారం ప్రయోగంగా వదిలారు. నలుగురు మనుషులు, నాలుగు జతల బద్దలు, ఒక బుల్లి కారు! నూరు ప్రయాణాల్లో నలభై రోడ్డు పక్కనే రద్దయిపోయాయి.

సోమవారం టీమ్ లీడర్ గోపి పిలిచాడు. మంచివాడే గానీ నాన్చడం తెలియదు.

"వచ్చే శనివారం దాకా టైమిచ్చేరు సమీనా. అప్పటికీ ఇలాగే ఉంటే ఈ ఫీచర్ తీసేస్తారు. నిన్ను మళ్లీ టెస్టింగ్‌కి పంపమంటన్నారు. నా చేతుల్లో ఏటీ నేదు."

ఆ రాత్రి ఆమెకి అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్న మామూలుగానే పాత పోస్టాఫీసు దగ్గర జగ్గారావు షేర్ ఆటో కోసం నిలబడింది. ఈ జగ్గారావుకి ఒక పద్ధతుంది. ముందు సామాను ఎక్కాలి, తర్వాతే మనుషులు. ఎంత తొందరున్నా ఆయన ఒప్పుకోడు. నాలుగేళ్లుగా సమీనా దీన్ని లోలోపల తిట్టుకుంటూనే ఉంది.

హార్బర్‌లో చేపలు కొనుక్కుని వచ్చిన చేపలమ్మే గంగాలమ్మ గంపలు దించింది.

"గంపలెన్నప్పా?" అన్నాడు జగ్గారావు.

"రెండ్రా."

"తడా, పొడా?"

"ఒకటి పచ్చిసేపలు, ఒకటి ఎండుసేపలు."

"తడిది ఎనకాల ఎట్టు. పొడిది కాళ్లకాడ ఎట్టుకో." తర్వాత, పైపు పట్టుకు నిలబడ్డ ప్లంబర్ వైపు తిరిగాడు. "పైపు పొడుగెంత బావా?"

"పదడుగులు."

"అయితే పక్కన కట్టీ. ఈ పక్క ఇంకో మనిసికి సోటు నేదు." అప్పటికి గానీ సమీనా వైపు చూడలేదు. "ఇప్పుడు నువ్వెక్కు పాపా."

"ఎప్పుడూ సామానే ముందేటి బాబాయ్?" అని విసుక్కుంది సమీనా.

"మనిసైతే సర్దుకుంటాడు పాపా. గంప సర్దుకోదు కదా!"

సమీనా ఎక్కబోతూ ఆగిపోయింది. తన యాప్ ముందు మనుషుల్ని లెక్కపెట్టి, మిగిలిన చోట్లో సామాను కుక్కుతోంది. జగ్గారావు ముందు సామాను చూసి, మిగిలిన చోటుకి మనుషుల్ని పిలుస్తున్నాడు. ఇన్నాళ్లూ తిట్టుకున్న ఆటోలోనే తనకి కావలసింది ఉంది.

సాయంత్రం స్కీ బద్దకి బదులు మనిషంత వెదురు బద్ద పట్టుకుని కంచరపాలెంలో తండ్రి గులాం మొహమ్మద్ కొట్టుకి వెళ్లింది. ఆయన కార్లకి సీటు కవర్లు కుడతాడు. కూతురు కర్రతో కారులోకి దూరుతుంటే ఆయన లబోదిబోమన్నాడు.

"కొత్త కవరు బేటీ! చిరిగిపోద్ది!"

సంగతి విన్నాక ఆయనే టేపు తెచ్చాడు. "సగం సీటు మడిస్తే కర్ర పడుద్ది. ఒక మనిషి తగ్గాల. మరి కొండ దిగొచ్చేటప్పుడు తడిసుంటాయి కదా? తడివి సీటు మీద పెడితే వాడి కవరేం గాను?"

కొండ అవతల ఎవడి కారు కవరు గురించో ఆయన బాధ చూసి సమీనాకి నవ్వొచ్చింది. గురువారం దాకా తండ్రీకూతుళ్లు కొట్టుకొచ్చిన ప్రతి కారునీ కొలిచారు.

యాప్‌లోని కొత్త తెర సీట్లు చూపించే ముందే అడుగుతుంది: సామాను పొడుగెంత, తడా పొడా, కారులోనా పైనా? అప్పుడు మిగిలిన సీట్లే చూపిస్తుంది. వెళ్లేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. తడి సామానుకి ఏ బొమ్మ పెట్టాలో తోచక, తర్వాత మార్చుకోవచ్చులే అని నీళ్లు కారుతున్న గంప గీసి పెట్టింది.

శనివారం ఆఫీసులో ఎవరూ ఇంటికి పోలేదు. నూట పన్నెండు ప్రయాణాలు. సామాను పట్టక రద్దయినది ఒక్కటీ లేదు! గోపి కుర్చీ తన్నేసి లేచి కేక పెట్టాడు. రాత్రికి అవతలి కంపెనీ నుంచి మాటొచ్చింది. ఏర్పాటు శాశ్వతంగా ఉంచుతున్నారు, చలికాలపు పనంతా సమీనా చేతికే ఇస్తున్నారు, ఆ గంప బొమ్మ జనానికి నచ్చింది, దయచేసి మార్చవద్దు. టెస్టింగ్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

సోమవారం ఆటోలో సమీనా ఫోను తీసి గంగాలమ్మకి చూపించింది. తెల్లటి కొండలు, మంచులో కారు, తెర మీద గంప.

గంగాలమ్మ కళ్లు చికిలించి చూసి, ఆటో అదిరేలా నవ్వింది. "ఒరే జగ్గా, నా గంపరా! నీ బండిలో జగదాంబ జంక్షన్ దాటనేదు గానీ, ఈ పిల్ల దీన్ని మంచు కొండెక్కించీసింది సూడు!"

జగ్గారావు బండి పక్కకి ఆపి, వెనక్కి తిరిగి ఫోను చూశాడు. "నా తడీపొడీ అక్కడా అడుగుతన్నారేటి?"

"ముందదే అడుగుతన్నారు బాబాయ్. తర్వాతే మనుషులు."

ఆయన ఛాతీ పొంగింది. ఆ పూట ప్రతి ఒక్కరినీ, చేతులూపుకుంటూ వచ్చినవాళ్లని కూడా, గట్టిగా అడిగాడు: "తడా, పొడా?"