కాపలాలో కునుకు

చనిపోయిన రోజు పొద్దున్న కూడా జక్కయ్యగారు పాలవాడి ముందు తన నిద్ర గురించి గొప్పలు చెప్పుకున్నారు.

"నాలాంటి నిద్రమొద్దు ఈ కంకిపాడులో ఇంకోడు లేడోయ్! డెబ్బై ఒకటి యుద్ధంలో కాపలా కాస్తూ గుర్రుపెట్టి శత్రువులకు దొరికిపోయిన మొనగాణ్ణి!"

ఇంట్లో మాత్రం బల్లి పలికితే లేచి కూర్చునేవారు. మధ్యాహ్నం ఆయన నడుం వాల్చాక భార్య హెలెనమ్మ చప్పుడు కాకుండా పంచదార డబ్బా మూత తీస్తే, "నీకు షుగరు!" అని పడగ్గదిలోంచి కేక వినపడేది. ఇదేం నిద్రమొద్దుతనమని అడిగితే, "దొరికిపోయాక వచ్చిన మెలకువలే" అనేవారు.

రిపబ్లిక్ డేకి బడివాళ్లు పిలిచేవారు. హెడ్మాస్టరు బతిమాలేవాడు: "ఆ నిద్ర ముక్క వదిలెయ్యండి సార్. మా పిల్లలకు అసలే క్లాసులో ఆ అలవాటుంది."

"వదలను. కావాలంటే మైకు మీరే పట్టుకోండి."

ఆ పిల్లలు వీధిలో ఆయన కనబడితే గురక పెట్టేవారు. ఆయన సెల్యూట్ కొట్టేవారు.

పరువు పోయేది హెలెనమ్మది. ఏ పెళ్లికి వెళ్లినా ఆవిడ 'గురక మిలిటరీ గారి భార్య'.

"ఒక్కసారైనా మర్యాదగా చెప్పండి."

"చచ్చినా మార్చను!"

ఆయనతోపాటు పట్టుబడి, ఒకే జైల్లో ఉన్న పాల్, పామర్రు నుంచి ప్రతి సభకూ వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు. ఊరంతా నవ్వుతుంటే తనొక్కడే చెప్పులు చూసుకునేవాడు. "నవ్వరా పాలూ!" అని జక్కయ్యగారు మైకులోనే గదమాయించేవారు.

చర్చిలో జ్ఞాపకార్థ కూడిక నాడైనా మొగుడి పరువు నిలబెట్టాలనుకుంది హెలెనమ్మ. నిద్ర మాట ఎవరూ ఎత్తకూడదని పాస్టరు డేనియల్ గారికి ముందే చెప్పి ఉంచింది. సాక్ష్యం చెప్పడానికి లేవబోతుంటే పాల్ పక్కకొచ్చి కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, ఇవాళ మైకు నాకివ్వు. ఆ రాత్రి కాపలా నాది. నిద్రపోయిందీ నేనే. తిరిగొచ్చాక ఎంక్వయిరీలో నాకంటే ముందు వాడు నోరు తెరిచి, తప్పు తన మీద వేసుకున్నాడు. 'నీకు పెళ్లి కుదిరింది, నోర్ముయ్ రా' అన్నాడు. వాడి ప్రమోషన్ పోయింది. ఇన్నేళ్లూ ఊరు నవ్వింది. ఇక నావల్ల కాదమ్మా."

హెలెనమ్మ ఆయన్ని అక్కడే కూర్చోమని సైగ చేసింది. లేచి వెళ్లి మైకు తనే అందుకుంది.

"మా ఆయన నిద్రమొద్దండీ."

పాస్టరు గారు ఉలిక్కిపడ్డారు.

"కాపలాలో పడుకున్నారు. శత్రువులు తట్టి లేపితే లేచారు. ఇందులో ఒక్క ముక్క కూడా మార్చేది లేదు. ఎవరికైనా అభ్యంతరమా?"

గుడంతా ఘొల్లున నవ్వింది. పాల్ మళ్లీ చెప్పుల వంక చూశాడు.

"నవ్వండి అన్నయ్యగారూ!" మైకులోనే గదమాయించింది హెలెనమ్మ.

ఆయన కండువాతో ముక్కు తుడుచుకుని, నవ్వేశాడు.

భోజనాల దగ్గర పాల్ విస్తట్లో కూర వడ్డిస్తూ అడిగింది: "కాపలా మీదైతే, మరి ఆయనెలా దొరికారు?"

"వాడు దూరంగా, వెనకెక్కడో పడుకున్నాడమ్మా. నా గురక విని, నా నోరు మూద్దామని పరుగెత్తుకొచ్చాడు." పాల్ ముద్ద కలుపుతూ తలూపాడు. "అప్పటికే వాడు బల్లి పలికితే లేచే రకం, చెల్లెమ్మా!"