రాహుకాలం దాటాక పెట్టిన సంతకం

కలరా ఉండల వాసన వస్తే నాకు కోపం వస్తుంది. కృష్ణానగర్‌లోని నా డ్రెస్సుల దుకాణం షట్టర్ పొద్దున్నే ఎత్తగానే, అద్దెకిచ్చే పట్టుచీరల మధ్య నుంచి, రాజుల అంగరఖాల మడతల్లోంచి అది గుప్పున కొడుతుంది. యూసుఫ్‌గూడ సందులో మేం వెళ్లే లైబ్రరీ బీరువాల్లోనూ అవే ఉండలు వేసేవారు. ఆ లైబ్రరీకి ఇప్పుడు తాళం. అది గుర్తొచ్చిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది.

నా చిన్నప్పుడు మాది ఒకటే గది. లైట్‌మ్యాన్‌గా పనిచేసే నాన్న అవుట్‌డోర్ షూటింగులకని వెళ్తే వారాల తరబడి వచ్చేవాడు కాదు. తెనాలి నుంచి వచ్చిన అమ్మ సినిమావాళ్లకు బట్టలు కుట్టేది. ఎండాకాలం సెలవుల్లో గంజి పెట్టిన గాగ్రాలు డాబా మీద ఆరుతుంటే వాటి చాటున వీధి పిల్లలమంతా దాగుడుమూతలు ఆడేవాళ్లం, రాళ్లు ఊడిన పాత కిరీటం ఎవరికి దొరికితే ఆ పూటకి వాళ్లే మహారాణి, బోనాలప్పుడు కిందివాటా వాళ్లు పంపిన బెల్లం అన్నం కూడా ఆ కిరీటం పెట్టుకునే తినేవాళ్లం.

మా వీధిలో అందరికీ ఒక అలవాటు ఉండేది. సినిమాకి కొబ్బరికాయ కొట్టాలన్నా, అడ్వాన్సు పుచ్చుకోవాలన్నా, కాగితం మీద సంతకం పెట్టాలన్నా ముందు రాహుకాలం చూసేవారు. కాగితం మాత్రం ఎవరూ చూసేవారు కాదు. వారపత్రికలో సీరియల్‌ని అక్షరం వదలకుండా చదివే మా అమ్మా అంతే. జూబ్లీహిల్స్‌లో ఆఫీసున్న ఒక డ్రెస్ కంపెనీ యజమాని, "మిమ్మల్ని వ్యాపారంలో భాగస్వామిని చేస్తున్నానండీ" అని నాలుగు పేజీలు చేతికిస్తే, రాహుకాలం దాటేదాకా అక్కడే బెంచీ మీద గంటన్నర కూర్చుని, దాటగానే దణ్ణం పెట్టుకుని సంతకం చేసింది. ఆ గంటన్నరా కాగితాలు ఆమె ఒళ్లోనే ఉన్నాయి.

ఆరు నెలలు తిరక్కుండా ఎవరో ఇద్దరొచ్చి మా రెండు కుట్టుమిషన్లూ ఎత్తుకుపోయారు. ఏం జరిగిందో తెలియక ఏడుస్తున్న అమ్మను నేనే లైబ్రరీకి లాక్కెళ్లాను, అక్కడ నాకు బొమ్మల పుస్తకాలిచ్చే యాదగిరి సారు తప్ప చదువుకున్నవాళ్లు నాకెవరూ తెలియరు మరి. సారు మూడో పేజీ దాకా చదివి కళ్లజోడు తీశాడు.

"ఇందుల భాగం గీగం ఏం లేదమ్మా. ఆయన అప్పుకు నువ్వు జామీను ఉన్నవ్. ఆయన కట్టకపోతే నీ మిషన్లు గుంజుకపోయిండ్రు."

"రాహుకాలం పోయేదాకా గంటన్నర అక్కడే కూర్చుని మంచి టైములోనే పెట్టానండీ," అంది అమ్మ.

సారుకి కోపం రావడం నేను చూసింది అప్పుడే. "గడియారం చూసినవ్ గని కాగితం చూడకపోతివి! గంటన్నర గాడ కూసొని ఏం చేసినవమ్మా?"

ఆ తర్వాత షూటింగుల్లేని ఆదివారాల్లో సారు తన సెలవు మానుకుని లైబ్రరీ తెరిచాడు. ఎవరి కాగితం వాళ్లు తెచ్చుకోవాలి, పైకి చదవాలి, అర్థంకాని మాట దగ్గర ఆగాలి, అంతే ఆయన చెప్పింది. పేపర్లు చదివే పొడవాటి బల్ల చుట్టూ డాన్సర్లు, మేకప్ వాళ్లు, ఇడ్లీబండి ఆవిడ కూర్చుని బడిపిల్లల్లా చదువుతుంటే నేను బల్ల కింద దూరి వినేదాన్ని. వడ్డీకి వడ్డీ ఎలా పడుతుందో, అద్దెకిచ్చిన చీరకు ఉతుకూ ఇస్త్రీ చిరుగూ పోను మిగిలిందే లాభమని ఎందుకనాలో అమ్మ అక్కడే నేర్చుకుంది. వ్యాపారం గురించి తెలుగులో పుస్తకాలుంటాయని కూడా అక్కడే తెలుసుకుంది. కొన్నేళ్లకు ఈ దుకాణం కోసం బ్యాంకు అప్పు తీసుకున్న రోజు, మేనేజరు విసుక్కుంటున్నా వినకుండా కాగితమంతా పైకి చదివాకే సంతకం పెట్టింది.

అలాంటి చోటికి తాళం వేశారు. జనం రావడం లేదట! వారంలో నాలుగు రోజులు తెరవకపోతే ఎవరొస్తారు? వెళ్లి అడిగితే, "ఇప్పుడన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదమ్మా" అన్నాడొక ఆఫీసరు. ఉన్నాయి, మనిషిని నిలువునా ముంచే అప్పుల యాప్‌లు కూడా అందులోనే ఉన్నాయి. ఇంటిపన్నుతో పాటు లైబ్రరీ సెస్సు మాత్రం ఏటా నా దగ్గర వసూలు చేస్తూనే ఉన్నారు, సిగ్గు లేకుండా. సారు పోయాడు, అమ్మా పోయింది. ఆ పొడవాటి బల్ల గేటు వెనక వానకు తడిసి ఉబ్బిపోయింది.

మా పైగదిలో కిరాయికుండే డాన్సర్ పిల్ల శిరీష నిన్న దుకాణానికి వచ్చింది. చేతిలో ఏవో కాగితాలు, ముఖంలో సంబరం.

"అక్కా, జర క్యాలెండర్ సూడవా, రాహుకాలం ఎప్పటిదాంక ఉంది?"

గోడకున్న క్యాలెండర్ పీకి బల్ల కింద పడేశాను. "కూర్చో. పైకి చదువు," అన్నాను, అరిచినట్టే అన్నాను. పిల్ల మూతి ముడుచుకుని మెట్టు మీద కూర్చుంది, గబగబా రెండు పేజీలు చదివేసింది, మూడో పేజీ మధ్యలో ఆగిపోయింది.

"అక్కా," అంది తలెత్తి, "గీడ మా అమ్మ పేరెందుకు రాసిండ్రు?"