జేజి ప్రార్థనలో ఒక తప్పు

మా నాన్నను కన్నతల్లిని మేము జేజి అనేవాళ్ళం. జేజికి చదువు రాదు. కడప జిల్లాలో మా ఊరి మరియమ్మ గుడికి ఫాదర్ నెలకొకసారి వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో సాయంత్రం ఊరివాళ్ళ చేత జపమాల చెప్పించేది జేజే. ఆమె మామ ఉపదేశి, ఫాదర్ లేని రోజుల్లో ఊరికి ప్రార్థనలు నేర్పేవాడు. ఆయన చదువుతుంటే విని, రొట్టెలు కాలుస్తూ, పేడనీళ్ళు చల్లుతూ వల్లెవేసి, జపమాల చివర చెప్పే దేవమాత ప్రార్థన మొత్తం నోటికి పట్టేసింది. ఆ తల్లిని ఒక్కొక్క పేరుతో పిలవడం జేజి పని. "మా కొరకు ప్రార్థించండి" అనడం మా పని. నేను నిద్రకు తూలితే, ప్రార్థన ఆపకుండానే నా చెవి మెలిపెట్టేది. ఆమె పోయి పదిహేనేళ్ళు దాటింది.

నేను గల్ఫ్‌కు వచ్చి, సల్వా అనే పేటలో ఒక ఇంట్లో పనికి చేరి పదకొండేళ్ళయింది. మొదటి మూడేళ్ళు చర్చి ముఖం చూడలేదు. సెలవు అడగాలంటే భయం. ఇస్త్రీ చేస్తూ జేజి ప్రార్థన లోలోపలే చెప్పుకునేదాన్ని. ఒకరోజు ఇంటి యజమానురాలు, మేము మామా అంటాం, నా పెదవులు కదలడం చూసి ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది. భయపడుతూనే మరియమ్మతో అన్నాను.

"మరియమా?" అంది. ఆమె ముఖం మెత్తబడింది. ఆ తల్లి కథ వాళ్ళ గ్రంథంలోనూ ఉందట. ఆ శుక్రవారమే "యల్లా, పో" అని డ్రైవరుతో చర్చికి పంపింది. అప్పటినుంచి నెలకు రెండు శుక్రవారాలు నావి.

పూజ అయ్యాక తెలుగువాళ్ళం ఇరవైమంది దాకా వెనక హాల్లో కూర్చుని జపమాల చెప్పుకుంటాం. చెప్పించేది కోనసీమ నుంచి వచ్చిన ఒక అక్క. ఇక్కడే షర్క్ అనే పేటలో ఆఫీసు ఉద్యోగం ఆమెది. పోయిన మే నెలలో ఆమెకు గొంతు పట్టేసింది. పుస్తకం నా చేతిలో పెట్టి, "ఈ వారం మీరు చెప్పించండి చెల్లెమ్మా" అంది గుసగుసగా.

"పుస్తకం వద్దక్కా, నాకు నోటికొచ్చు" అన్నాను గర్వంగా.

సగం దాకా బాగానే సాగింది. "వర్షకాలపు నక్షత్రమా" అన్నాను. ఎవరూ బదులు పలకలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఒకరిద్దరు సర్దుకుని పలికారు. మిగతాది ఎలా పూర్తిచేశానో నాకు తెలియదు.

అక్క పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించింది. "ఉషఃకాలపు నక్షత్రం అండి. తెల్లారగట్ట వచ్చే చుక్కన్నమాట. వర్షాకాలంలో చుక్కలేం కనపడతాయండీ!"

ఆమె మాటలో ఎగతాళి లేదు. అయినా నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆ తప్పే చెబుతూ వచ్చాను. మొదటిసారి విమానం ఎక్కినప్పుడు, కాన్పు నొప్పుల్లో కూడా అదే చెప్పాను.

సల్వా చేరగానే అమ్మకు ఫోన్ చేశాను.

"మా, జేజి చెప్పింది తప్పంట. నీకు తెల్సునా?"

"తెలీకేం? నేను సిస్టర్ల బళ్ళో చదువుకున్న్యా గదా. పెండ్లయి వచ్చిన మొదటి వారమే ఇన్న్యా."

"మరి యాల దిద్దలేదు?"

"దిద్దల్లనే అనుకున్న్యా. ఆ యేడు మే నెల్లో బాయిలన్నీ ఎండిపోయినాయి. ఇత్తనాలు ఇంట్లో పెట్టుకోని ఊరంతా ఆకాశం దిక్కు సూస్తాండారు. మీ జేజి ఆ మాట అంటానే గుడి దద్దరిల్లేట్టు పలికినారు మే, మొగోళ్ళు గూడా. ఇంక నేనేం దిద్దేది?"

"వాన పడిందా?"

"యాడ పడింది? ఆ యేడు పంటే లేదు. అయినా మీ జేజి మళ్ళీ యేడూ అట్నే చెప్పె."

తర్వాతి శుక్రవారం ఇదంతా అక్కకు చెప్పాను. ఆమె వింటూ కళ్ళు తుడుచుకుంది. "మా వైపు వర్షాలు ఆగితే చాలని మొక్కుకుంటామండి" అని, "మీరు అలాగే చెప్పండి, మేం పలుకుతాం" అంది. నేనే ఒప్పుకోలేదు. పదిమందిలో పుస్తకంలో ఉన్నదే చెప్పాలి కదా.

ఊళ్ళో జేజి తర్వాత ఆమె మాటల్లోనే జపమాల చెప్పిస్తూ వచ్చిన అమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. నర్సింగు చదివే నా కూతురు సెలవులకు వచ్చినప్పుడు ఆ గుళ్ళో జపమాల చెప్పిస్తుంది. తనైనా సరిగ్గా చెప్పాలని ఫోన్ చేసి విషయం చెప్పాను.

"నాకెప్పుడో తెల్సు మా. నేను సరిగ్గానే చెప్తాండా" అంది.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"అవ్వ చెప్పొద్దనింది. మీ యమ్మ ఆడ ఒక్కతే ఉండాది, ఆ ప్రార్థనే దానికి తోడు, దాంట్లో తప్పులెతికి మనసు ఇరగ్గొట్టొద్దు అనింది."

పక్కనుంచి అమ్మ గొంతు వినిపించింది: "దానికి యాల చెప్పినావే!"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అవ్వా మనవరాలూ కలిసి నన్ను చిన్నపిల్లను చేశారా అని కసిరి ఫోన్ పెట్టేశాను. రెండు నిమిషాలకు మళ్ళీ నేనే చేశాను.