మాటల్లేని దీవి

జింక్ పొడిని కొబ్బరినూనెలో కలిపితే వచ్చే వాసన వేరు. మొన్న మహబూబాబాద్‌లో మా అన్న కూతురి బడి వార్షికోత్సవానికి వెళ్తే, తెర వెనుక పిల్లల ముఖాలకు ఆ తెల్లటి పూత పూస్తున్నారు. మూకాభినయమట. వాసన తగలగానే నా చెంపలు బిగుసుకున్నట్టయింది. నర్మెట్ట బడిలో తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో అదే పూత నా ముఖానికి పూసిన మనిషి కొమురయ్య సార్. ఆయన మీకు తెలియదు. తెలిసుంటే మీరూ నాలాగే నాటకం కనిపించిన చోటల్లా ఆగిపోయేవారు.

ఆయన మాకు ఇంగ్లిషు చెప్పేవారు. ఓడ మునిగి, మనిషి జాడలేని దీవికి కొట్టుకుపోయిన నావికుడి పాత నవల ఒకటుంది కదా, ఆ కథంటే ఆయనకు ప్రాణం. ఏటా వార్షికోత్సవానికి అదే నాటకం. "సారు ఈయేడు గూడ ఓడ ముంచుతడా?" అని ఊళ్లోవాళ్లు నవ్వేవారు. ఆయన ఏమాత్రం సిగ్గుపడకుండా ముంచేవారు. ఆయన పద్ధతే వేరు. వేదిక మీద పిల్లలు పెదవులు ఆడిస్తే, తెర వెనుక మైకు పట్టుకుని అందరి మాటలూ ఆయనే చెప్పేవారు. నావికుడు, చిలుక, తుఫాను, అన్నీ ఆ ఒక్క గొంతే. అదీ మా యాసలో. సినిమాల్లో మా మాట నవ్వించడానికే పనికొచ్చే కాలంలో, ఆ నావికుడు "దేవుడా, ఎంత పని జేస్తివి" అంటే మా అమ్మలు కొంగుతో కళ్లు తుడుచుకునేవారు.

ఆ గొంతే పోయింది. హైదరాబాద్‌లో గొంతుకు ఆపరేషన్ అయ్యాక ఆయనకు గుసగుస తప్ప మరేమీ మిగల్లేదు. తిరిగి బడికొస్తే హెడ్మాస్టరు మంచి మనసుతోనే అన్నారు, "మీరు లైబ్రరీల కూసోండి సార్. పాఠాలు వేరేటోళ్లు చెప్తరు. గింత కష్టమెందుకు?" లైబ్రరీ అంటే తాళం వేసిన రెండు బీరువాలు. సార్ వార్షికోత్సవం దాకా గడువు అడిగారు. తర్వాత నన్ను పిలిచి, "స్వరూపా, ఈసారి మాటలు లెవ్వు. ఒట్టి అభినయమే. నావికుడివి నువ్వే. గిది గూడ నాతోని గాకపోతే బీరువల కాడికే పోత బిడ్డా" అన్నారు. ఆయన పాఠం లేని బడిని నేను ఊహించుకోలేకపోయాను.

సాధనలో ఆయన డస్టరుతో బల్ల మీద కొట్టేవారు. ఒక దెబ్బకు లేవాలి, రెండు దెబ్బలకు ఉరకాలి. అన్నింటికన్నా ముఖ్యమైన ఘట్టం, దీవి ఇసుకలో పరాయి మనిషి అడుగుజాడ కనిపించడం. అక్కడ సుద్దముక్కతో సున్నా గీసేవాళ్లం. "అడుగు కనవడంగనే భయపడాలె. వచ్చినోడు సంపుతడో ఏమో. ఉరుకు" అని నూరిపోశారు. నేనూ కళ్లు పెద్దవి చేసి బాగానే ఉరికేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. సుద్దగీత కింద కూర్చున్నవాళ్లకు కనబడదని, వేదిక సర్దే నా స్నేహితురాలు రజిత ముగ్గుపిండి తెచ్చి అడుగు వేసింది. ఎలా వేసింది? కృష్ణాష్టమికి ఇంట్లో వేసినట్టే, పిడికిలి అద్ది, పైన వేలికొనతో అయిదు చుక్కలు పెట్టి. తెర లేచింది. ఓడ మునిగింది. నేను తిరుగుతూ వచ్చి ఆ అడుగును చూశాను. సాధన అంతా ఎటుపోయిందో, మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో దాన్ని తాకి కళ్లకు అద్దుకున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది, ఉరకాలని. పక్కకు చూస్తే సార్ డస్టరు ఎత్తి పట్టుకుని ఉన్నారు. పాత రోజులైతే ఒక్క మాటతో ఆదుకునేవారు. ఏం చేయాలో తోచక ఆ అడుగు పక్కనే కూర్చుండిపోయాను, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు. సార్ డస్టరును మెల్లగా దించారు, బల్లకు తగలకుండా. ముందు వరసలో ఒక అవ్వ పైకే అనేసింది, "పాపం, మనిషి జాడకు ఎంత మొగం వాసిండో!" ఆ తర్వాత చప్పట్లు ఆగలేదు.

తెర పడ్డాక ఏడుస్తూ, "తప్పు జేసిన సార్" అన్నాను. ఆయన ఏదో అన్నారు, గోలలో వినబడలేదు. చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను. "ఇన్నేండ్లు నేను భయం భయమని ఒర్లిన. గంత ఒంటరిగున్నోనికి అడుగు కనవడితే సంబురమే గదనే. నా నోరు మూతవడ్డంకనే నాకు సమజైంది" అన్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నేనింకా గట్టిగా ఏడ్చాను, ఈసారి సంతోషంతో. పక్కనే ఉన్న హెడ్మాస్టరుతో, "సోమారం నుంచి క్లాసుకు పోత సార్" అన్నారు. హెడ్మాస్టరు సరేనన్నారు.

సోమవారం పాఠం మొదలైంది. వెనుక వరసలకు ఒక్క ముక్కా అందలేదు. మొదట రజిత తన బెంచీని ముందుకు ఈడ్చింది. తర్వాత అందరం ఈడ్చాం. సార్ బల్ల చుట్టూ బెంచీలు ఒకదానికొకటి ఆనుకున్నాయి. ఆయన పదవీ విరమణ దాకా ఆ తరగతి అలాగే నడిచింది.

ఇప్పుడాయన లేరు. నేను భూపాలపల్లిలో ఒక ఆఫీసు కిటికీ వెనుక కూర్చుంటాను. పింఛను గురించి అడగడానికి వచ్చే ముసలివాళ్లు భయంతో గొంతు పెగలక, ఏదో గొణుగుతారు. పక్క కిటికీల్లోంచి "గట్టిగ చెప్పు!" అన్న కేకలు వినిపిస్తుంటాయి. నా నోట ఆ మాట ఎప్పుడూ రాలేదు. కుర్చీలోంచి లేచి, కిటికీ ఊచలకు చెవి ఆనిస్తాను.